ఇంటికొక ఓటా, మనిషికొక ఓటా?

ప్రశ్న: మా పెద్దమ్మవాళ్లు మయన్మార్‌లోని యాంగోన్ నగరం ఇన్సేన్‌లో ఉంటారు. 2014 నగరపాలక ఎన్నికల్లో వాళ్లింట్లో పెదనాన్నగారొక్కరే ఓటేశారట. ఎందుకండీ?

జవాబు: అప్పటి నిబంధనే అదమ్మా. ఆ డిసెంబరు 27న యాంగోన్ నగర అభివృద్ధి కమిటీకి జరిగిన ఎన్నికల్లో ఇంటికి ఒకే ఓటు. అత్తా, కోడలూ, ఉద్యోగం చేసే కూతురూ ఉన్నా బ్యాలెట్ కాగితం ఒక్కటే. ఇది ఆడవాళ్ల నోరు నొక్కడమేనని నా అభిప్రాయం. 2019 మార్చి 31 ఎన్నికల్లో ఆ తప్పు దిద్దారు. 18 ఏళ్లు నిండిన పౌరులందరికీ ఓటిచ్చారు. వచ్చి వేసినవాళ్లు మాత్రం కొద్దిమందే. వార్డు అధికారి సంగతి వేరు: 2012 చట్టం ప్రకారం ఆయన్ను పదేసి ఇళ్ల పెద్దలు రహస్య ఓటుతో ఎన్నుకునేవారు. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక ఆ ఎన్నికా పోయింది, నియామకాలు వచ్చాయి.