పికప్‌కి లిఫ్ట్ కిట్, పెద్ద టైర్లు: ముందు లెక్క, తర్వాత ఖర్చు

హైటెక్ సిటీ సిగ్నల్ దగ్గర లిఫ్ట్ చేసిన ఇసుజు వీ-క్రాస్ పక్కన ఆగితే ఎవరికైనా మనసు లాగుతుంది. నాకూ లాగింది. కానీ మెగాపిక్సెల్స్ చూసి ఫోన్ కొన్నట్టు, ఇంచులు చూసి లిఫ్ట్ కిట్ కొనకండి.

ముందు టైర్ నంబర్ చదవండి. 255/60 ఆర్18 అంటే వెడల్పు 255 మి.మీ., సైడ్‌వాల్ అందులో 60 శాతం, అంటే 153. పైనా కిందా రెండు సైడ్‌వాల్స్, మధ్యలో 18 ఇంచుల రిమ్ (457 మి.మీ.) కలిపితే టైర్ ఎత్తు 763. దాని బదులు 265/65 ఆర్18 వేస్తే దాదాపు 802, అంటే 5 శాతం ఎక్కువ. స్పీడోమీటర్‌కి ఈ సంగతి తెలీదు పాపం. అది ముందు 80 చూపించే చోట ఇప్పుడు మీరు 84లో ఉంటారు. ఓఆర్ఆర్ కెమెరా మాత్రం అసలు స్పీడే పట్టుకుంటుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే: 2 ఇంచుల లిఫ్ట్ బాడీని, ఛాసిస్‌ని లేపుతుంది కానీ వెనక యాక్సిల్ మధ్యలో ఉండే డిఫరెన్షియల్‌ని లేపదు. రాయి తగిలేది ఎక్కువగా దానికే. దాన్ని లేపేది టైర్ ఒక్కటే, అదీ పెరిగిన ఎత్తులో సగం, మన లెక్కలో 19 మి.మీ. ముందువైపు లిఫ్ట్ ఎక్కువైతే సీవీ జాయింట్లు త్వరగా అరుగుతాయి. అందుకే టైర్ సైజ్ ముందు తేల్చుకుని, అది ఫెండర్‌కి రాసుకుంటేనే, తగినంత లిఫ్ట్ చూడండి.

ఇంకోటి, కంపెనీ స్పెసిఫికేషన్ మార్చే మార్పులు చెల్లవని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. అడ్వాన్స్ ఇచ్చేముందే ఆర్టీఏని, ఇన్సూరెన్స్ వాళ్లని రాతపూర్వకంగా అడగండి. యాక్సిడెంట్ అయ్యాక అడిగితే క్లెయిమ్‌కే ఎసరు.

నేనైతే లిఫ్ట్ లేకుండా 265/60 ఆర్18 దగ్గర ఆగిపోయా. తేడా 12 మి.మీ. మాత్రమే. ఆఫీస్ బేస్‌మెంట్ ఎంట్రీ దగ్గర హైట్ బార్‌ని టేపుతో కొలిచాక ఆ నిర్ణయం ఇంకా ఈజీ అయింది.