పికాక్స్ విరగకముందే

ప్రశ్న: మైన్‌క్రాఫ్ట్‌లో నా డైమండ్ పికాక్స్ కాస్త అరిగినప్పుడల్లా యాన్విల్ మీద బాగుచేస్తూ వచ్చాను. ఇప్పుడు ఒక్క డైమండ్ పెట్టినా ‘టూ ఎక్స్‌పెన్సివ్’ అంటోంది. నా దగ్గర 60 లెవెల్స్ ఉన్నాయి. ఎందుకు ఒప్పుకోవడం లేదు?
- తొమ్మిదో తరగతి విద్యార్థి, ఖమ్మం

జవాబు: వంద లెవెల్స్ ఉన్నా ఒప్పుకోదు నాయనా. సర్వైవల్‌లో ఒక రిపేరు ఖరీదు 40 లెవెల్స్‌కి చేరిందంటే యాన్విల్ ఇక ఆ పని చెయ్యదు. ఆ ఖరీదు ఎలా పెరిగిందో చూడు. యాన్విల్ మీద పెట్టిన ప్రతిసారీ ఆ వస్తువుకి ఒక అదనపు రుసుము అంటుకుంటుంది. మొదటిసారి ఏమీ ఉండదు. రెండోసారి 1, తర్వాత 3, 7, 15, 31. ఏడోసారికి 63. అంటే ఒక పికాక్స్‌కి యాన్విల్ భాగ్యం మొత్తం ఆరుసార్లే. పుస్తకంతో ఎన్‌చాంట్‌మెంట్ ఎక్కించినా ఈ ఆరింటిలోకే వస్తుంది.

నువ్వు చేసిన పొరపాటే నాకొచ్చే ఉత్తరాల్లో సగం మంది చేస్తున్నారు. యాన్విల్ ఎన్ని డైమండ్లు పెట్టావన్నది కాదు, ఎన్నిసార్లు వచ్చావన్నది లెక్కపెడుతుంది. ఒక్కో డైమండ్ పావు వంతు ఆయువు తిరిగి ఇస్తుంది. డైమండ్ పికాక్స్ ఆయువు 1561, అందులో పావు 390. నాలుగు విడతల్లో నాలుగు డైమండ్లు పెట్టినవాడు నాలుగు అవకాశాలు ఖర్చుచేసుకున్నాడు. గీత ఎర్రబడేదాకా వాడి, ఒక్కసారే నాలుగూ పెట్టినవాడికి ఒక్కటే ఖర్చు. పని మాత్రం ఇద్దరికీ ఒకటే జరిగింది.

ఇప్పుడేం చెయ్యాలంటావా? గ్రైండ్‌స్టోన్‌లో పెడితే ఆ రుసుము పోతుంది కానీ ఎన్‌చాంట్‌మెంట్లూ పోతాయి. నీ పికాక్స్ మీద ఫార్చూన్ ఉంటే దాన్ని డైమండ్ గనులకే వాడుకో. మామూలు రాళ్లకి ఇనుప పికాక్స్ చాలు. అబ్సీడియన్, నెదర్‌లోని ఏన్షెంట్ డెబ్రిస్ తప్ప దాదాపు అన్నీ అదే తవ్వుతుంది.

ఇంకో మాట, ఎవరూ లెక్క వేసుకోనిది. ఎన్‌చాంట్‌మెంట్ లేని డైమండ్ పికాక్స్‌ని డైమండ్లతో బాగుచెయ్యడమే దండగ. కొత్తది చెయ్యడానికి మూడు డైమండ్లు పడితే, పూర్తిగా అరిగినదాన్ని బాగుచెయ్యడానికి నాలుగు పడతాయి. పార అయితే మరీ అన్యాయం, కొత్తదానికి ఒక్కటే. ఛాతీకవచం సంగతి వేరు. కొత్తదానికి ఎనిమిది, రిపేరుకి నాలుగు. అక్కడ తప్పకుండా రిపేరే చెయ్యి.

ప్రశ్న: ఎన్‌చాంట్‌మెంట్లున్న రెండు కత్తుల్ని గ్రైండ్‌స్టోన్‌లో కలిపితే అన్నీ పోయాయి. తిరిగొస్తాయా?
- గుంటూరు

జవాబు: రావు. గ్రైండ్‌స్టోన్ శాపాలు తప్ప అన్నీ తుడిచేస్తుంది, ఎన్‌చాంట్‌మెంట్లు ఉంచుకుని కలపాలంటే యాన్విలే.

ప్రశ్న: మావాడు ఏడో తరగతి. నిన్న ఆటలో పికాక్స్ విరిగిపోయిందని అన్నం తినకుండా పడుకున్నాడు. ‘ఆటలోదేగా, దానికేముంది’ అంటే ఇంకా ఏడ్చాడు. ఆట మాన్పించెయ్యాలా?
- ఒక తల్లి, కాకినాడ

జవాబు: మాన్పించకండమ్మా. ముందు ‘ఆటలోదేగా’ అన్న మాట మానండి. వాడి చేతిలో విరిగింది ఏమిటో మీకు తెలియాలి.

మంచి పికాక్స్ కావాలంటే వాడు భూమి అడుగుదాకా దిగి డైమండ్లు వెతకాలి. ఎన్‌చాంట్‌మెంట్ బల్ల చెయ్యాలి. బల్ల పూర్తి బలంతో పనిచెయ్యాలంటే చుట్టూ 15 పుస్తకాల అరలుండాలి. ఒక్కో అరకి మూడు పుస్తకాలు, ఒక్కో పుస్తకానికి ఒక తోలు, మూడు కాగితాలు. అంటే 45 తోళ్లు, 135 కాగితాలు. కాగితం కోసం చెరకు వేసుకోవాలి, తోలు కోసం ఆవుల్ని పెంచుకోవాలి. ఆపైన 30 లెవెల్స్ కావాలి, అంటే జావా ఎడిషన్‌లో 1395 ఎక్స్‌పీ పాయింట్లు. ఒక జాంబీని కొడితే వచ్చేవి ఐదు. ఇంత శ్రమ ఒక్క క్షణంలో మాయమైతే పెద్దవాళ్లకే ముద్ద దిగదు. వాడికి దిగలేదంటే తాను చేసుకున్న వస్తువు విలువ వాడికి తెలిసిందన్నమాట. ఆ గుణాన్ని వెక్కిరించకండి, దానికో దారి చూపించండి.

వాడి పక్కన ఓ పది నిమిషాలు కూర్చోండి. పనిముట్టు బొమ్మ కింద సన్నటి గీత ఒకటి కనిపిస్తుంది. కొత్తప్పుడు ఉండదు, వాడటం మొదలుపెట్టాక ఆకుపచ్చగా కనబడి, పసుపుకి తిరిగి, చివరికి ఎరుపవుతుంది. పిల్లల పికాక్స్‌లు విరిగేది ఎరుపు కనబడ్డాకే. ‘ఇంకొక్క రాయి’ అంటూ కొడతారు. ఎర్రగీత వచ్చిందంటే ఇల్లు చేరాల్సిందే, ఇదొక్కటే మీ ఇంట్లో నియమంగా పెట్టండి. సంచిలో ఎప్పుడూ ఒక ఇనుప పికాక్స్ అదనంగా ఉంచుకోమనండి, తిరుగుదారిలో అది పనికొస్తుంది.

తర్వాత మెండింగ్ సంపాదించమనండి. ఇది ఎన్‌చాంట్‌మెంట్ బల్ల మీద రాదు. పల్లెలో పనిలేని విలేజర్ దగ్గర లెక్టర్న్ పెడితే అతను లైబ్రేరియన్ అవుతాడు. అతను అమ్మే పుస్తకం మెండింగ్ కాకపోతే లెక్టర్న్ పగలగొట్టి మళ్లీ పెట్టాలి, సరుకు మారుతుంది. మెండింగ్ వచ్చేదాకా ఇదే పని. ఓపిక కావాలి. ఈలోగా అతనితో ఒక్క బేరం కూడా చెయ్యకూడదు, చేస్తే సరుకు అక్కడే స్థిరపడిపోతుంది. మెండింగ్ పుస్తకం ధర 10 నుంచి 38 ఎమరాల్డ్‌లు, పైన ఒక మామూలు పుస్తకం. ఎమరాల్డ్‌లకి మార్గం కూడా ఆ లైబ్రేరియనే. 24 కాగితాలకి ఒక ఎమరాల్డ్ ఇస్తాడు. వాడికి చెరకు తోట ఉండనే ఉంది.

మెండింగ్ ఉన్న పనిముట్టు చేతిలో ఉండగా వచ్చే ఒక్కో ఎక్స్‌పీ పాయింటుకి రెండు ఆయువు తిరిగొస్తుంది. యాన్విల్‌తో పనిలేదు, ఆ ఆరుసార్ల గొడవా లేదు. నెదర్‌లో క్వార్ట్జ్ తవ్వమనండి. ఒక్కో గనికి పికాక్స్ అరిగేది ఒకటి, వచ్చేది రెండు నుంచి ఐదు పాయింట్లు. తవ్వుతున్నకొద్దీ బాగుపడే పికాక్స్‌ని వాడు మీకు చూపిస్తాడు. చూడండి, వాడి మొహం కూడా చూడండి. ఒక జాగ్రత్త: అరిగిన కవచానికీ మెండింగ్ ఉంటే పాయింట్లు వాటన్నిటిలో దేనికైనా పోతాయి. పికాక్స్ ఒక్కటే త్వరగా బాగుపడాలంటే సురక్షితమైన చోట కవచం విప్పేసి నిలబడాలి.

ఇవాళ రాత్రి అన్నం పెడుతూ ‘నీ పికాక్స్ మీద ఏమేం ఎన్‌చాంట్‌మెంట్లు ఉండేవిరా’ అని అడగండి. తింటూ చెబుతాడు.

ప్రశ్న: విల్లుకి మెండింగా, ఇన్ఫినిటీయా? రెండూ ఒకేసారి ఎక్కడం లేదు.
- బీటెక్ విద్యార్థి, వరంగల్

జవాబు: ఎక్కవు, ఎప్పటినుంచో ఆ రెంటికీ పొత్తు తీసేశారు. నా ఓటు మెండింగ్‌కే. విల్లుని బాగుచెయ్యడానికి దారం, కర్ర పనికిరావు, ఇంకో విల్లు బలి కావాలి. బాణాలకేం, అస్థిపంజరాల్ని కొడితే వాటంతటవే వస్తాయి.

ప్రశ్న: డైమండ్ కవచాన్ని నెదరైట్‌గా మార్చబోతున్నాను. చాలా అరిగి ఉంది. మార్చాక బాగుచేస్తే మంచిదా, ముందే చెయ్యాలా?
- సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: ముందే చేయించండి. స్మితింగ్ బల్ల అరుగుదలని మాన్పదు, ఉన్నది ఉన్నట్టే కొత్త కవచానికి వస్తుంది. ఇప్పుడైతే డైమండ్లతో సరిపోతుంది. మార్చాక యాన్విల్ నెదరైట్ కడ్డీనే అడుగుతుంది. ఒక్క కడ్డీకి నాలుగు నెదరైట్ తునకలు, నాలుగు బంగారు కడ్డీలు. 2023లో వచ్చిన 1.20 నుంచి మార్పుకి టెంప్లేట్ కూడా కావాలి, దాని నకలుకే ఏడు డైమండ్లు. యాన్విల్ దగ్గర పోగైన పాత రుసుము మాత్రం మీ వెంటే వస్తుంది. కాబట్టి మెండింగ్ ఎక్కించాల్సి ఉంటే అది కూడా ఖరీదు పెరగకముందే ఎక్కించండి.

ప్రశ్న: ఎగురుతుండగా ఎలైట్రా పనిచెయ్యడం మానేసి కిందపడి చచ్చాను. అది పోయినట్టేనా?
- కరీంనగర్

జవాబు: పోలేదు. ఎలైట్రా విరగదు, ఆయువు ఒకటి మిగిలినప్పుడు పనిచెయ్యడం ఆపేస్తుంది. దాని ఆయువు 432, గాలిలో సెకనుకి ఒకటి ఖర్చు. అంటే ఏడు నిమిషాల పన్నెండు సెకన్లు. అన్‌బ్రేకింగ్ 3 ఎక్కిస్తే సగటున దానికి నాలుగు రెట్లు. బాగుచెయ్యడానికి ఫాంటమ్ పొర కావాలి, ఒక్కోటి పావు వంతు నింపుతుంది. ఆటలో మూడు రోజులు నిద్రపోకుండా ఉంటే రాత్రి ఫాంటమ్‌లే నీ మీదికి దిగుతాయి. చచ్చినచోట పడిన సామాను ఐదు నిమిషాల్లో మాయమవుతుంది, ఈసారి ఉత్తరం రాయడానికి ముందు పరిగెత్తు.

ప్రశ్న: ట్రైడెంట్‌ని దేనితో బాగుచెయ్యాలి?
- నెల్లూరు

జవాబు: ఇంకో ట్రైడెంట్‌తో, లేదా మెండింగ్‌తో. ఇనుము, డైమండ్, ప్రిస్మరైన్ ఏదీ పనికిరాదు.