‘అంపశయ్య’ ముందా, ‘అనుక్షణికం’ ముందా?

అధివాస్తవిక రచనలో కథ వరుసగా నడవదు. కల, జ్ఞాపకం, కళ్లెదుటి దృశ్యం ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. 1924లో ఆంద్రే బ్రెటన్ పారిస్‌లో వెలువరించిన మ్యానిఫెస్టోతో ఈ ధోరణి ఉద్యమమైంది. తెలుగులోకి దీన్ని తెచ్చినవారిలో శ్రీశ్రీ ముఖ్యుడు. తెలుగు నవలలో దీనికి దగ్గరి చుట్టం చైతన్య స్రవంతి: పాత్ర మనసులో ఆలోచన ఎలా మెదిలితే అలా రాయడం. నవీన్, వడ్డెర చండీదాస్ ఈ దారిలో పేరుపడ్డ నవలాకారులు.

కొత్త పాఠకులు చాలామంది అందరూ గొప్పదన్న పుస్తకంతోనే మొదలుపెడతారు. యాభై పేజీల దగ్గర ఆగిపోయి, తమకు సాహిత్యం అర్థం కాదని తేల్చేసుకుంటారు. తప్పు తెలివిది కాదు, ఎంపికది. తొలి పుస్తకానికి మూడు గుణాలు చూసుకోవాలి: తెలిసిన నేల, తక్కువ పాత్రలు, తక్కువ కాలం.

1969లో వచ్చిన నవీన్ నవల ‘అంపశయ్య’లో ఈ మూడూ ఉన్నాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివే రవి అనే పేద విద్యార్థి ఒక్క రోజు మనోగతమే ఆ నవల. ఆ నవల పేరే రచయిత ఇంటిపేరైపోయింది. ఇబ్రహీంపట్నం నుంచి సాగర్ రోడ్డు మీదుగా హైదరాబాద్‌లోని కాలేజీకి వెళ్లే విద్యార్థికి బస్సు కిటికీ పక్కన ఫీజు గడువు, ఇంటి అప్పు, నిన్న ఎవరో అన్న మాట ఒక వరుస లేకుండా గుర్తొస్తాయి. రవి మనసు నడిచేదీ అలాగే.

తర్వాతి మెట్టు చండీదాస్ ‘హిమజ్వాల’. రచయిత తిరుపతిలో తత్త్వశాస్త్రం బోధించినవాడు. వాక్యం కవిత్వంలా సాగుతుంది, నిదానంగా చదవాలి. 1970ల నాటి ఉస్మానియా విద్యార్థి లోకాన్ని చిత్రించిన ఆయన మరో నవల ‘అనుక్షణికం’లో పాత్రలు కిక్కిరిసి ఉంటాయి. అది మూడోదిగా ఉండటం మేలు. నవలకు తీరిక లేనివారు రచయిత త్రిపుర కథలతో ఆరంభించవచ్చు.

చదివేటప్పుడు తర్వాత ఏమైందని వెతకకూడదు. ఏ మాట, ఏ చప్పుడు, ఏ వాసన ఆలోచనను మలుపు తిప్పిందో గమనించాలి. రోజుకు పది పేజీలు చాలు. ఈ గమనింపు అలవాటైతే సొంత కోపం, బెంగ ఎక్కడ మొదలవుతున్నాయో కూడా పట్టుబడుతుంది. వ్యక్తిత్వానికి ఈ నవలలు చేసే మేలు ఇదే.

సాగని పుస్తకాన్ని పక్కన పెట్టడం ఓటమి కాదు. ఆగిన పేజీలో తేదీ రాసుకుని, ఏడాది తర్వాత మొదటి పేజీ నుంచి మళ్లీ చదవాలి.