అధికారం – ఎల్లలు

పాఠ్యభాగ నేపథ్యం

భారత రాజ్యాంగం కేంద్రానికీ రాష్ట్రాలకూ అధికారాలను విభజించి ఇచ్చింది. అయితే కొన్ని అసాధారణ పరిస్థితుల్లో రాష్ట్ర పాలనను కేంద్రమే స్వీకరించడానికి 356వ అధికరణం అవకాశం కల్పించింది. వాడుకలో దీనినే ‘రాష్ట్రపతి పాలన’ అంటారు. ఈ అధికారం ఎవరి చేతుల మీదుగా నడుస్తుంది, ఏ విధంగా దుర్వినియోగమైంది, ఏ సంస్థలు దానికి హద్దులు గీశాయి అన్న విషయాలను ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

ప్రజాస్వామ్యంలో ప్రభుత్వాన్ని నిలబెట్టేది ప్రజల ఓటు. రాష్ట్ర ప్రజలు శాసనసభను ఎన్నుకొంటారు. ఆ సభలో మెజారిటీ ఉన్నంతకాలం మంత్రివర్గం అధికారంలో ఉంటుంది. ఇది సామాన్య నియమం. కాని ఏ పక్షానికీ మెజారిటీ రాకపోతే ఏం చేయాలి? రాష్ట్ర ప్రభుత్వం రాజ్యాంగాన్నే ధిక్కరిస్తే దారేది? రాజ్యాంగ నిర్మాతలకు ఈ ప్రశ్నలు ఎదురయ్యాయి. వాటికి సమాధానంగా వారు 356వ అధికరణాన్ని పొందుపరచారు.

ఈ ఏర్పాటు పూర్తిగా కొత్తది కాదు. బ్రిటిష్ పాలకులు చేసిన 1935 భారత ప్రభుత్వ చట్టంలోని 93వ సెక్షన్ రాష్ట్ర పాలనను గవర్నరు తన చేతిలోకి తీసుకొనే వీలు కల్పించింది. పరాయి పాలకుల ఆయుధం స్వతంత్ర దేశానికి ఎందుకని రాజ్యాంగ సభలో కొందరు సభ్యులు తీవ్రంగా ప్రశ్నించారు. దుర్వినియోగం జరిగే అవకాశాన్ని డాక్టర్ అంబేద్కర్ కాదనలేదు. అయితే ఇటువంటి అధికరణాలను ప్రయోగించవలసిన అవసరమే రాకూడదనీ, అవి కాగితానికే పరిమితం కావాలనీ 1949 ఆగస్టులో ఆయన ఆకాంక్షించారు. ఆ ఆకాంక్ష నెరవేరలేదు. నాటి నుండి నేటివరకు ఈ అధికరణాన్ని వందసార్లకు పైగా ప్రయోగించారు.

ఈ అధికారం పనిచేసే తీరును గమనించాలి. గవర్నరు పంపిన నివేదిక వల్ల గాని, మరొక విధంగా గాని రాష్ట్రంలో రాజ్యాంగబద్ధమైన పాలన సాగే స్థితి లేదని రాష్ట్రపతికి విశ్వాసం కలగాలి. అప్పుడు ఆయన ప్రకటన జారీచేస్తారు. రాష్ట్రపతి పేరు మీద జరిగినా, నిజానికి ఆ నిర్ణయం కేంద్ర మంత్రివర్గానిది. ఆ గవర్నరును నియమించేదీ కేంద్రమే. ప్రకటన వెలువడగానే మంత్రివర్గం తొలగిపోతుంది. రాష్ట్రపతి తరఫున గవర్నరు పాలన సాగిస్తారు. శాసనసభ అధికారాలు పార్లమెంటుకు సంక్రమిస్తాయి. హైకోర్టు అధికారాలు మాత్రం చెక్కుచెదరవు. రెండు నెలల్లోగా పార్లమెంటు ఉభయసభలూ ఆమోదిస్తేనే ప్రకటన కొనసాగుతుంది.

కాగితం మీద చూస్తే ఇక్కడ గవర్నరు, మంత్రివర్గం, రాష్ట్రపతి, పార్లమెంటు అనే నాలుగు అంచెలున్నాయి. ప్రతి అంచెలోనూ “కారణమేమిటి?” అని అడిగే వీలుంది. ఆ ప్రశ్న వేసినంతకాలం అధికారం అదుపులో ఉంటుంది. ఎవరూ అడగకపోతే నాలుగు అంచెలూ ఒకే చేయి అయిపోతాయి. ఈ అధికరణ చరిత్ర చెప్పేది ఇదే.

1951లో పంజాబులో దీనిని మొదటిసారి ప్రయోగించారు. తెలుగువారికి 1954లో ఇది అనుభవంలోకి వచ్చింది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడిన ఆంధ్రరాష్ట్రానికి టంగుటూరి ప్రకాశం పంతులు తొలి ముఖ్యమంత్రి. మద్యనిషేధం విషయమై వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ఆయన ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. తరువాత రాష్ట్రపతి పాలన వచ్చింది. 1955లో ఎన్నికలు జరిగి కొత్త ప్రభుత్వం ఏర్పడింది. ఇక్కడ ప్రభుత్వం పడిపోయింది సభలో, సభ్యుల ఓటుతో. ఆ తరువాతనే కేంద్రం ప్రవేశించింది.

1959లో కేరళలో జరిగింది ఇందుకు భిన్నం. ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ ప్రభుత్వానికి శాసనసభలో మెజారిటీ ఉంది. విద్యా చట్టం తదితర విషయాలపై రాష్ట్రంలో ఉద్ధృతమైన ఆందోళన చెలరేగింది. దానిని కారణంగా చూపి జూలై 31న కేంద్రం ఆ ప్రభుత్వాన్ని తొలగించింది. సభ విశ్వాసం ఉన్న ప్రభుత్వాన్ని సభ వెలుపలి కారణాలతో దించవచ్చునన్న ఆనవాయితీకి అది దారితీసింది.

1977లో ఆ ఆనవాయితీ మరింత ముదిరింది. లోక్‌సభ ఎన్నికలలో గెలిచిన జనతాపార్టీ ప్రభుత్వం, కాంగ్రెసు పాలనలో ఉన్న తొమ్మిది రాష్ట్రాల శాసనసభలను రద్దుచేయించింది. లోక్‌సభ ఎన్నికలలో ఓడిన పక్షం రాష్ట్రాలలోనూ ప్రజాభిప్రాయాన్ని కోల్పోయినట్లేనని వాదించింది. రాష్ట్రాలు సుప్రీంకోర్టుకు వెళ్ళినా ఫలితం లేకపోయింది. 1980లో కాంగ్రెసు తిరిగి కేంద్రంలో అధికారానికి వచ్చి, సరిగ్గా అదే విధంగా తొమ్మిది రాష్ట్రాల శాసనసభలను రద్దుచేయించింది. పక్షాలు మారాయి గాని పద్ధతి మారలేదు. ఈ దోషాన్ని ఏదో ఒక పార్టీకి అంటగట్టడం పొరపాటు. అడిగేవారు లేని అధికారం ఎవరి చేతిలో ఉన్నా ఒకే విధంగా ప్రవర్తిస్తుంది.

కేంద్రం నియమించిన గవర్నరు 356వ అధికరణం లేకుండానే ప్రభుత్వాన్ని మార్చగలరని 1984లో ఆంధ్రప్రదేశ్ చూసింది. ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు అమెరికాలో గుండె శస్త్రచికిత్స చేయించుకొని తిరిగి వచ్చారు. ఆగస్టు 16న గవర్నరు రామ్‌లాల్ ఆయన ప్రభుత్వాన్ని తొలగించి, నాదెండ్ల భాస్కరరావుచేత ముఖ్యమంత్రిగా ప్రమాణం చేయించారు. సభలో బలం నిరూపించుకొంటానన్న రామారావు మాటను గవర్నరు మన్నించలేదు. రామారావు తన శాసనసభ్యులను ఢిల్లీకి తీసుకొనిపోయి రాష్ట్రపతి ఎదుట నిలిపారు. రాష్ట్రమంతటా నిరసన పెల్లుబికింది. గవర్నరు మారారు. శంకర్‌దయాళ్ శర్మ ఆ పదవిని చేపట్టారు. భాస్కరరావు మెజారిటీ నిరూపించుకోలేకపోయారు. సెప్టెంబరు 16న రామారావు తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. సంస్థలు అడగవలసిన ప్రశ్నను ఆ నెల రోజులూ ప్రజలు అడిగారు.

ప్రతిసారీ ప్రజలే వీధుల్లోకి వచ్చి ప్రశ్నించడం సాధ్యం కాదు. అందుకు స్థిరమైన నియమం కావాలి. కేంద్ర, రాష్ట్ర సంబంధాలను పరిశీలించడానికి 1983లో ఏర్పడిన సర్కారియా కమిషన్, 356వ అధికరణాన్ని అత్యవసర పరిస్థితుల్లో, మిగిలిన మార్గాలన్నీ మూసుకొన్న తరువాత, చివరి ప్రయత్నంగా మాత్రమే వినియోగించాలని సూచించింది. మంత్రివర్గ బలాన్ని శాసనసభలోనే తేల్చాలని చెప్పింది. కాని సూచనకు శాసనబలం ఉండదు. ఆ బలం సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది.

1989 ఏప్రిల్‌లో కర్ణాటక ముఖ్యమంత్రి ఎస్.ఆర్. బొమ్మైకి మద్దతు ఉపసంహరించుకొన్నామంటూ కొందరు శాసనసభ్యుల లేఖలు గవర్నరుకు అందాయి. అప్పటి గవర్నరు తెలుగువాడైన పెండేకంటి వెంకటసుబ్బయ్య. లేఖలలో పేర్లున్నవారిలో కొందరు తరువాత మాట మార్చారు. అవసరమైతే సమావేశాలను ముందుకు జరిపి సభలో బలం నిరూపించుకొంటానని బొమ్మై విన్నవించారు. గవర్నరు అంగీకరించలేదు. ఏప్రిల్ 21న రాష్ట్రపతి పాలన విధించారు. బొమ్మై న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. హైకోర్టులో ఓడినా, సుప్రీంకోర్టు వరకు పోరాడారు.

1994 మార్చి 11న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు వెలువరించింది. ఆ ధర్మాసనంలో బి.పి. జీవన్‌రెడ్డి, కె. రామస్వామి తెలుగువారు. మంత్రివర్గానికి మెజారిటీ ఉన్నదీ లేనిదీ తేలవలసింది రాజ్‌భవన్‌లో కాదు, శాసనసభలోనని తీర్పు చెప్పింది. రాష్ట్రపతి ప్రకటన న్యాయసమీక్షకు లోబడి ఉంటుంది. అందుకు ఆధారమైన సమాచారాన్ని కోర్టు పరిశీలించవచ్చు. పార్లమెంటు ఆమోదించేవరకు శాసనసభను రద్దు చేయరాదు. ప్రకటన చెల్లకపోతే తొలగించిన ప్రభుత్వాన్ని కోర్టు పునరుద్ధరించవచ్చు. ఈ సూత్రాల వెలుగులో కర్ణాటక, మేఘాలయ, నాగాలాండ్ ప్రకటనలు చెల్లవని కోర్టు నిర్ణయించింది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, హిమాచల్‌ప్రదేశ్‌లలో 1992లో విధించిన రాష్ట్రపతి పాలనను లౌకికతత్త్వ పరిరక్షణ దృష్టితో సమర్థించింది. అంటే ఈ అధికారం ఉండకూడదని కోర్టు అనలేదు. దానిని వాడినవారు కారణం చూపాలన్నది.

ఇంత గొప్ప తీర్పు బొమ్మైకి పదవిని తిరిగి ఇవ్వలేకపోయింది. అప్పటికే అయిదేళ్ళు గడిచాయి. కర్ణాటకలో ఎన్నికలు జరిగి వేరే ప్రభుత్వం వచ్చింది. న్యాయం ఆలస్యమైతే గెలిచినవాడికి కూడా గెలుపు దక్కదు. కాని ఆ పోరాట ఫలం తరువాతివారికి అందింది.

ఆ తీర్పు తరువాత మిగిలిన సంస్థలు కూడా కారణం అడగడం మొదలుపెట్టాయి. 1997లో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన విధించాలన్న కేంద్ర మంత్రివర్గ సిఫారసును రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ పునఃపరిశీలనకు తిప్పి పంపారు. మంత్రివర్గం దానిని విరమించుకొంది. 1999లో బీహారులో విధించిన రాష్ట్రపతి పాలనకు రాజ్యసభలో తగిన బలం లేక, కేంద్రం దానిని ఉపసంహరించుకోవలసి వచ్చింది. 2016లో ఉత్తరాఖండ్‌లో సుప్రీంకోర్టు ఆదేశం మేరకు సభలో బలపరీక్ష జరిగి, తొలగిన ప్రభుత్వం తిరిగి వచ్చింది. అదే సంవత్సరం అరుణాచల్‌ప్రదేశ్‌లోనూ పూర్వ ప్రభుత్వాన్ని కోర్టు పునరుద్ధరించింది.

రాష్ట్రపతి పాలన ప్రతిసారీ దుర్వినియోగమేనని భావించరాదు. 1973లో జై ఆంధ్ర మహోద్యమం నడుమ పి.వి. నరసింహారావు రాజీనామా చేసినప్పుడు, 2014లో విభజనకు ముందు ఎన్. కిరణ్‌కుమార్ రెడ్డి రాజీనామా చేసినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన వచ్చింది. ముఖ్యమంత్రే తప్పుకొని, మరో ప్రభుత్వం ఏర్పడని వేళ పాలన ఆగిపోకూడదు కదా!

భారతకథలో అర్జునుడికీ అశ్వత్థామకూ మహాస్త్ర ప్రయోగం తెలుసు. ఉపసంహారం తెలిసినవాడు అర్జునుడొక్కడే. రాజ్యాంగం ఇచ్చిన అసాధారణాధికారం కూడా అటువంటిదే. దానిని సంధించడం కేంద్ర మంత్రివర్గం పని. నిలువరించడం మాత్రం రాష్ట్రపతి, పార్లమెంటు, న్యాయస్థానం, వీరందరి వెనుక ఉన్న పౌరుడి పని. ఆ పని చేయడానికి పెద్ద బలం అక్కరలేదు. కారణం అడిగే అలవాటు చాలు.

కఠిన పదాలు – అర్థాలు

అధికరణం = రాజ్యాంగంలోని నిబంధన
ధిక్కరించు = లెక్కచేయక ఎదిరించు
సంక్రమించు = ఒకరి నుండి మరొకరికి చేరు
ఆనవాయితీ = పరంపరగా వచ్చే పద్ధతి
ధర్మాసనం = తీర్పు చెప్పే న్యాయమూర్తుల బృందం
లౌకికతత్త్వం = రాజ్యం అన్ని మతాలనూ సమంగా చూసే విధానం
ఉపసంహారం = వెనుకకు తీసుకోవడం

వ్యాకరణాంశాలు

సంధులు
ప్రజాభిప్రాయం = ప్రజా + అభిప్రాయం – సవర్ణదీర్ఘ సంధి
మహోద్యమం = మహా + ఉద్యమం – గుణసంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి

సమాసాలు
రాజ్యాంగ నిర్మాతలు – రాజ్యాంగం యొక్క నిర్మాతలు – షష్ఠీ తత్పురుష సమాసం
తొమ్మిది రాష్ట్రాలు – తొమ్మిది సంఖ్య గల రాష్ట్రాలు – ద్విగు సమాసం

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. 356వ అధికరణం దుర్వినియోగమైన తీరును ఉదాహరణలతో వివరించండి.
2. బొమ్మై కేసు తీర్పులోని ముఖ్యాంశాలను, వాటి ఫలితాలను తెలపండి.

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. రాష్ట్రపతి పాలన విధించే విధానాన్ని తెలపండి.
2. 1954 ఆంధ్రరాష్ట్ర సంఘటనకూ 1959 కేరళ సంఘటనకూ గల భేదమేమిటి?
3. 1984లో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన పరిణామాలను సంగ్రహించండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. ఆంధ్రరాష్ట్ర తొలి ముఖ్యమంత్రి ఎవరు?
2. కేంద్ర, రాష్ట్ర సంబంధాల పరిశీలనకు 1983లో ఏర్పడిన కమిషన్ ఏది?
3. మంత్రివర్గ బలాన్ని ఎక్కడ తేల్చాలని సుప్రీంకోర్టు చెప్పింది?