మన తర్వాత వారి బాగోగులు

"మేమున్నన్నాళ్లూ సరే, తర్వాత ఈ బిడ్డను ఎవరు చూస్తారు?" దివ్యాంగులైన పిల్లలున్న తల్లిదండ్రుల నోట మా ఉపాధ్యాయులం తరచు వినే మాట ఇది. "అల్లాహ్ ఉన్నాడు" అని ధైర్యం చెబుతాం. నిజమే. అయితే తవక్కుల్ అంటే మన వంతు ప్రయత్నం చేసి ఫలితాన్ని ఆయనకు అప్పగించడం. తల్లిదండ్రులు బతికుండగానే ముగించుకోవలసిన పనులు నాలుగున్నాయి.

1. సంరక్షకుడు: 18 ఏళ్లు నిండితే చట్టం దృష్టిలో బిడ్డ మేజర్. ఆపైన తండ్రి సంతకమైనా బిడ్డ తరఫున చెల్లకపోవచ్చు. మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యం ఉన్నవారికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద సంరక్షకుణ్ణి నియమిస్తారు. జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. సంరక్షకుడు 6 నెలల్లో ఆస్తి జాబితా, ఏటా జమాఖర్చులు కమిటీకి ఇవ్వాలి. బిడ్డ సొమ్ముకు అదే కాపలా.

2. ఆస్తి: ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. "ఇల్లు వాడి పేర వసీయత్ రాశాం" అని నిశ్చింతగా ఉంటారు. హనఫీ ఫిఖహ్ ప్రకారం వారసునికి రాసిన వసీయత్, రాసినవారు పోయాక మిగతా వారసులు ఒప్పుకుంటేనే చెల్లుతుంది. వాళ్లు కాదంటే అది ఉత్త కాగితమే. బతికుండగా హిబా చేయవచ్చు. అందుకు ఇస్తున్నామని ప్రకటించడం, స్వీకరించడం, స్వాధీనపరచడం మూడూ జరగాలి. బిడ్డ తరఫున స్వీకరించేదెవరో ఆలిమ్‌నూ వకీలునూ అడిగి నిర్ణయించుకోవాలి. పిల్లల మధ్య న్యాయం పాటించమని ప్రవక్త (స) బోధించారు. కాబట్టి మిగతా పిల్లలను కూర్చోబెట్టి, కారణం చెప్పి, వారి సమ్మతితో చేయడం మేలు.

3. ఆదాయం: యూడీఐడీ కార్డు తీసుకోవాలి. పైన చెప్పిన నాలుగు వైకల్యాలకు నిరామయ పథకం కింద లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారుల బిడ్డ వైకల్యం వల్ల సంపాదించుకోలేకపోతే, నియమాల మేరకు జీవితాంతం కుటుంబ పింఛను వస్తుంది. బిడ్డ పేరు, ధ్రువపత్రం ముందే ఆఫీసులో నమోదు చేయించాలి.

4. నోటుపుస్తకం: ఏ మందు ఎప్పుడు వేయాలి, ఏది పెడితే తింటాడు, కుక్కర్ కూతకు బెదురుతాడా, ఎవరు పక్కనుంటే నిద్రపోతాడు? ఇవన్నీ అమ్మీకి తప్ప ఇంకెవరికీ తెలియవు. రాసిపెట్టాలి. నెలకో రాత్రి ఖాలా ఇంట్లోనో అన్న ఇంట్లోనో ఉంచి అలవాటు చేయాలి. అమ్మ పోయిన రోజే కొత్త ఇల్లు, కొత్త చేతులు ఎదురైతే ఆ బిడ్డ తట్టుకోలేడు.

ఇందులో దాతలు చేయగలిగింది చాలా ఉంది. పండుగకు బట్టలు, రేషను ఇస్తున్నాం, అల్‌హమ్‌దులిల్లాహ్. వాటితోపాటు ఒక పేద కుటుంబానికి వకీలు ఫీజు కట్టండి. చదువురాని తల్లి వెంట కలెక్టరేటు దాకా వెళ్లండి. ఆమె చెబుతుంటే ఆ నోటుపుస్తకం మీరు రాసిపెట్టండి. తల్లిదండ్రులు పోయాక ఆ బిడ్డ ఎవరి గుమ్మం ముందూ నిలబడనక్కర లేకుండా చేయడం కూడా దానమే.