కడిగితే పోయేది కాదు, మాత్రతో అదుపులో ఉండేది

కదిరి



మొన్న మీ ఇంటికొచ్చినప్పుడు స్నానాల గది గూట్లో డెట్టాల్ సీసా, పక్కనే పటిక ముక్క కనిపించాయి. ఎందుకని అడిగితే తల దించుకున్నావు. ఎదురుగా చెబితే సిగ్గుపడతావని రాస్తున్నా.

హెచ్ఐవీ సోకినంత మాత్రాన నువ్వు మైలపడలేదు తల్లీ. అది ఒంట్లో ఉండేది, కడుక్కుంటే పోదు. యోని లోపలి భాగం తనను తానే శుభ్రం చేసుకుంటుంది. పాలను పెరుగు చేసే జాతి సూక్ష్మజీవులే అక్కడా ఉండి, పులుపు నిలిపి చెడ్డ క్రిముల్ని పెరగనివ్వవు. డెట్టాలో, సబ్బో, పటిక నీళ్లో లోపలికి పోస్తే ముందు చచ్చేది ఆ మంచివే. ఆ తర్వాతే మంట, వాసన. వాసనొస్తోందని మళ్లీ కడిగితే ఇంకా ఎక్కువ. బయట మాత్రం మామూలు నీళ్లతో, ముందు నుంచి వెనక్కి కడుక్కో, చాలు. ముట్టులో ప్యాడ్ నాలుగైదు గంటలకోసారి మార్చు. గుడ్డలు వాడితే ఉతికి ఎండలోనే ఆరెయ్యి, ఎవరైనా చూస్తారని చాటున దాచొద్దు.

తెల్లబట్ట కొంచెం అందరికీ అవుతుంది. పెరుగు తునకల్లా పడి దురద పెట్టినా, చేపల వాసనొచ్చినా, కలిసిన తర్వాత రక్తం కనబడినా మెడికల్ షాపులో అడిగి మాత్రలు తెచ్చుకోవద్దు, డాక్టరమ్మకు చూపించు.

ఇంకోటి, నొప్పి లేదని వాయిదా వెయ్యకూడనిది. హెచ్ఐవీ ఉన్న ఆడవాళ్లకు గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ వచ్చే ముప్పు మిగతావాళ్లకంటే ఆరు రెట్లు ఎక్కువ. అందుకే 25 ఏళ్లు దాటినప్పటి నుంచి మూడు నుంచి ఐదేళ్లకోసారి, ఆ ముప్పును పసిగట్టే హెచ్‌పీవీ పరీక్ష చేయించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. ముందే కనిపెడితే క్యాన్సర్ కాకముందే ఆపొచ్చు.

పిల్లలు కావాలన్న ఆశ చంపుకోవద్దు. మందు లేకపోతే నూటికి 15 నుంచి 45 మంది బిడ్డలకు తల్లి నుంచి హెచ్ఐవీ సోకుతుంది. రోజూ మాత్ర వేసుకుని, ఆసుపత్రిలో కాన్పు చేయించుకుని, బిడ్డకు సిరప్ పట్టిస్తే అది ఐదులోపే. ముందు ఒంట్లో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష చేయించుకుని, డాక్టర్ సరేనన్నాకే గర్భం గురించి ఆలోచించు. అంతవరకు కండోమ్ మానొద్దు.

కదిరిలో తెలిసినవాళ్లు కనబడతారని భయమైతే, అనంతపురం బస్సెక్కి ముదిగుబ్బ దాటాక బత్తలపల్లిలో దిగు. అక్కడి ఆర్డీటీ ఆసుపత్రిలో హెచ్ఐవీ వైద్యం ఏళ్లుగా చేస్తున్నారు. హెచ్ఐవీకి మందులిచ్చే ప్రభుత్వ ఏఆర్టీ కేంద్రాల్లో అవి ఉచితం. సందేహమొస్తే హెచ్ఐవీ సహాయ నంబరు 1097కి ఫోన్ చెయ్యి, డబ్బులు పడవు. నీ ఒప్పుదల లేకుండా నీ సంగతి బయటపెట్టకూడదని 2017లో చట్టమే చేశారు.

ఆ డెట్టాల్ సీసా తీసి గాయాల మందుల్లో పెట్టు. ఈ నెల మందులకు వెళ్లినప్పుడు గర్భసంచి ముఖద్వారం పరీక్ష సంగతి నువ్వే నోరు తెరిచి అడుగు. తోడు కావాలంటే నేనొస్తా.

నీ పెద్దమ్మ