తక్కువ ఖర్చుతో నిండైన నికాహ్

రమజాన్ మాసానికి ముందు రెండు నెలలు మా మస్జిదు గదిలో నికాహ్ సంప్రదింపులు ఎడతెగకుండా సాగుతుంటాయి. తేదీ అడగడానికి వచ్చేవారు కొందరు, ఖాజీ సాబ్ ఫోను నంబరు కోసం వచ్చేవారు మరికొందరు. ఒకరాత్రి ఇషా నమాజు అయ్యాక ఒక పెద్దాయన అందరూ వెళ్ళేదాకా కూర్చున్నారు. దర్జీ పని చేస్తారు. ముగ్గురు ఆడపిల్లలు. పెద్దమ్మాయి నిశ్చితార్థం అయిపోయింది. జేబులోంచి మడతలు పడిన కాగితం తీసి మా ముందు పెట్టి, “మౌలానా సాబ్, వడ్డీకి అప్పు తీసుకోవడం హరామ్ అని తెలుసు. కానీ మజ్బూరీలో జాయిజ్ అవుతుందంటారు కదా? ఆడపిల్ల పెళ్ళి కన్నా మజ్బూరీ ఏముంటుంది?” అని అడిగారు.

కాగితంలో ఇలా ఉంది. ఫంక్షన్ హాలు 60,000. నాలుగు వందల మందికి భోజనం 1,40,000. అబ్బాయికి బైకు లక్ష. మంచం, బీరువా, ఫ్రిజ్ వగైరా 80,000. సాంచక్, మెహందీ విందులు 35,000. బట్టలు, నగలు 60,000. కార్డులు, వీడియో 15,000. మొత్తం 4,90,000 రూపాయలు. చేతిలో ఉన్నది 1,20,000. మిగతా 3,70,000 నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తానని ఒకతను మాట ఇచ్చాడట.

“మహర్ ఎంత అనుకున్నారు చాచా?” అని అడిగాము. “పదకొండు వేలు. ఉధార్” అన్నారు.

ఆ కాగితం వెనక్కి తిప్పి ఒక చిన్న లెక్క వేసి చూపాము. 3,70,000కు నూటికి మూడు చొప్పున నెలకు వడ్డీయే 11,100 రూపాయలు. అంటే ఆ అమ్మాయికి జీవితం మొత్తానికి హక్కుగా రాయబోయే మహర్ కన్నా వంద రూపాయలు ఎక్కువ. అదీ ప్రతి నెలా, అసలు ఒక్క రూపాయి తగ్గకుండా. ఆయన చాలాసేపు ఆ అంకెల వైపే చూస్తూ ఉండిపోయారు.

ఇక ఆయన అడిగిన మస్అలా సంగతి. ఫిఖ్హ్‌లో ‘జరూరత్’ అనే మాటకు ఒక హద్దు ఉంది. ప్రాణం పోయే ఆకలిలో నిషిద్ధ పదార్థం నోట పెట్టుకోవడానికి లభించే అనుమతి లాంటిది అది. ఫంక్షన్ హాలు ఆ హద్దులోకి రాదు. బైకు అసలే రాదు. ఆడపిల్ల పెళ్ళి అవసరమే, సందేహం లేదు. అయితే ఆ కాగితంలోని ఏడు పద్దులలో నికాహ్‌కు అవసరమైనది ఒక్కటైనా ఉందా? ఇరుపక్షాల ఈజాబ్, ఖబూల్, ఇద్దరు సాక్షులు, అమ్మాయి సమ్మతి, వలీ, మహర్ – నికాహ్ అంటే ఇవి. వీటిలో డబ్బుతో ముడిపడినది మహర్ ఒక్కటే. అది అబ్బాయి ఇవ్వవలసినది. ఆ తరువాత సున్నత్‌గా వచ్చే వలీమా, అదీ అబ్బాయి పక్షాన్నే. అమ్మాయి తండ్రి మీద షరీఅత్ పెట్టిన పెళ్ళి ఖర్చు ఏమిటని వెదికితే పుస్తకాలలో మాకు ఏదీ దొరకలేదు. మనం మాత్రం ఆ భారమంతా తీసుకువెళ్ళి ఆయన నెత్తినే పెట్టాము.

పెళ్ళి ఖర్చు తగ్గించడం గురించి మాట్లాడేటప్పుడు అందరూ పూల దగ్గర, లైట్ల దగ్గర మొదలుపెడతారు. అక్కడ మిగిలేది వేలల్లోనే. ఏ ఖర్చు ఎవరిది అన్న ప్రశ్న దగ్గర మొదలుపెడితే లక్షలు మిగులుతాయి.

<b>పిలుపుల పట్టిక</b>

ఆ తరువాత చూడవలసింది ఎంతమందిని పిలవాలన్నది. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మదీనాలోని సంపన్న సహాబాలలో ఒకరయ్యారు. మదీనా వచ్చిన తొలి రోజులలో ఒకనాడు ఆయన బట్టల మీద పసుపుపచ్చని సుగంధపు జాడ కనిపించింది. దైవప్రవక్త (స) సంగతేమిటని విచారించగా, తాను ఒక అన్సారీ స్త్రీని వివాహమాడానని, ఖర్జూరపు గింజ ఎత్తు బంగారం మహర్‌గా ఇచ్చానని ఆయన చెప్పారు. దైవప్రవక్త (స) శుభం కోరి, ఒక్క మేకతోనైనా సరే వలీమా చేయమని ఆదేశించారు. బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న సంఘటన ఇది. ఇందులో మేకను అందరూ గుర్తుంచుకుంటారు. కానీ ఆ చిన్న ఊరిలో నికాహ్ జరిగిపోయిన తరువాత గాని ఆ సంగతి దైవప్రవక్త (స)కు తెలియలేదు! తనను పిలవలేదని ఆయన ఒక్క మాట అనలేదు. ఇక మన ఇళ్ళలో? మేనమామ తోడల్లుడికి కార్డు అందలేదని మూడేళ్ళు మాటలు లేని కుటుంబాలు మాకు తెలుసు.

దర్జీ చాచా నాలుగు వందల మంది పేర్లు రాసి తెచ్చారు. ఒక్కొక్కరి పేరు చదువుతూ, ఈయన మీ ఇంట్లో జబ్బు చేసినప్పుడు వచ్చారా, మీరు వారింటికి వెళ్ళారా అని అడుగుతూ పోయాము. అరవై దగ్గర ఆగింది. మిగతావారు చెడ్డవారని కాదు. వారికి మస్జిదులో నికాహ్ ప్రకటన చాలు, దువా చాలు. ఆ అరవైలో పక్కింటి ముసలామె, దుకాణంలో గుండీలు కుట్టే కుర్రాడు లేకపోవడం చూసి వారి పేర్లు మేమే రాయించాము. ధనికులను పిలిచి పేదలను వదిలివేసే వలీమా విందు విందులన్నింటిలో చెడ్డదని హదీసులో వచ్చింది. ఖర్చు తగ్గించే పేరుతో మొదట కొట్టివేసేది పేదవాడి పేరే కాకుండా చూసుకోవాలి.

<b>వలీమా ఎంత చిన్నది కావచ్చు?</b>

హిజ్రీ 7వ ఏట ఖైబర్ నుండి తిరిగి వస్తూ దారిలో దైవప్రవక్త (స) హజ్రత్ సఫియ్యా (రజి)ను వివాహమాడారు. ఆ వలీమాలో రొట్టె లేదు, మాంసమూ లేదు. తోలు పరుపు నేల మీద పరిచారు. ఎవరి దగ్గర ఏది ఉంటే అది తెమ్మన్నారు. ఒకరు ఖర్జూరాలు, ఒకరు నెయ్యి, ఒకరు ఎండుజున్ను తెచ్చారు. అన్నీ కలిపి ‘హైస్’ అనే వంటకం చేశారు. అదే వలీమా. హజ్రత్ జైనబ్ (రజి) వలీమాలో మాత్రం మేకను కోసి రొట్టె, మాంసం వడ్డించారు. తన ఇతర భార్యల విషయంలో అంతటి విందు ఇవ్వలేదని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం. కలిగినప్పుడు పెట్టడమూ సున్నతే, లేనప్పుడు ఉన్నదానితో ముగించడమూ సున్నతే. లేనప్పుడు కలిగినట్టు కనిపించాలని అప్పు చేయడం మాత్రం ఎక్కడి నుండి వచ్చిందో!

నలుగురూ తలా ఒకటి తేవడంలో తలవంపు ఏమీ లేదని కూడా ఈ సంఘటన చెబుతోంది. పెదనాన్న బియ్యం, మేనత్త నెయ్యి, మిత్రులు మాంసం తెస్తే వలీమా అబ్బాయికి తేలికవుతుంది. కిలో బియ్యానికి కిలో మాంసం చొప్పున బిర్యానీ వండితే ఏడెనిమిది మందికి కడుపు నిండుతుంది. నూట యాభై మందికి ఇరవై కిలోలు. దానితో మిర్చీ కా సాలన్, దహీ కీ చట్నీ, మీఠా ఒక్కటి. డబల్ కా మీఠా గాని కద్దూ కీ ఖీర్ గాని చాలు. లుఖ్మీ, రెండు రకాల కబాబులు, మూడు మీఠాలు పెట్టిన విందులో సగం పళ్ళాలలోనే మిగిలిపోవడం మేము ఎన్నోసార్లు కళ్ళారా చూశాము.

<b>అందం ఎక్కడుంది?</b>

ఖర్చు తగ్గించమంటే పెళ్ళి కళ తప్పుతుందని స్త్రీలు భయపడతారు. ఆ భయం నిజమే. మౌల్వీ చెప్పాడని పిల్ల పెళ్ళిని చావు ఇంటిలా చేయనవసరం లేదు. హజ్రత్ ఆయిషా (రజి) ఒక అమ్మాయిని అన్సారీ వరుడి ఇంటికి పంపినప్పుడు, వేడుక ఏదీ లేదా, అన్సార్లకు వేడుక ఇష్టం కదా అని దైవప్రవక్త (స) స్వయంగా అడిగారు. ఆడపిల్లలు ఇంట్లో దఫ్ కొట్టి మంచి పాటలు పాడుకుంటే దానికి హాలు అద్దె అక్కరలేదు.

మేము చూసిన చక్కని పెళ్ళిళ్ళలో ఒకటి చిన్న మస్జిదులో, అసర్ నమాజు తరువాత జరిగింది. ముందురోజే మిత్రులు మస్జిదు కడిగారు. ఉతికిన తెల్లని చాందినీలు పరిచారు. తెల్లవారుజామున పూల మార్కెట్టులో కొన్న మల్లెలు, గులాబీలు. గుమ్మం దగ్గర ఒక అబ్బాయి అత్తరు పూస్తున్నాడు. ఖుత్బా అయ్యాక దాని అర్థం ఐదు నిమిషాలు చెప్పారు. అది విని వరుడి తల్లి కళ్ళు తుడుచుకున్నారని తరువాత తెలిసింది. స్త్రీలు కూర్చున్న ఇంటిలో స్పీకరు పెట్టబట్టి ఆ మాటలు వారికీ వినబడ్డాయి. సాధారణంగా మనం ఖబూల్ మాట మగవారికే వినిపించి, అమ్మాయిని కన్న తల్లికి చేరవేయడం మరచిపోతాము. మగ్రిబ్‌కు ముందే ఖర్జూరాలు పంచడం కూడా అయిపోయింది. రాత్రి పదకొండు గంటలకు గాని వడ్డన మొదలుకాని హైదరాబాదు పెళ్ళిళ్ళలో పసిపిల్లలు కుర్చీలలో నిద్రపోవడం, మరుసటి ఫజర్ జమాఅత్‌లో పెళ్ళివారు ఒక్కరూ కనబడకపోవడం మనకు తెలియనిదా? సమయానికి మొదలుపెట్టడానికి పైసా ఖర్చు లేదు.

<b>మహర్, జహేజ్</b>

మహర్‌ను తగ్గించి జహేజ్‌ను పెంచడం మన దగ్గర జరిగే తలకిందుల వ్యవహారం. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం మహర్ పది దిర్హములకు, అంటే సుమారు 30.6 గ్రాముల వెండి విలువకు తగ్గరాదు. దైవప్రవక్త (స) తన భార్యలకు ఇచ్చిన మహర్ సాధారణంగా ఐదు వందల దిర్హములని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. మన దేశపు ఉలమాల లెక్కలో అది 131 తులాల 3 మాషాలు, సుమారు 1,531 గ్రాముల వెండి. మహర్-ఎ-ఫాతిమీ అని మనం అనేది దీనినే. నికాహ్ నాటి వెండి ధరతో గుణించి చూసుకోవాలి. అంత ఇవ్వలేనివారు ఇవ్వగలిగినంతే ఒప్పుకుని చేతికివ్వడం, పెద్ద అంకె రాసి ఎగవేయడం కన్నా మేలు.

జహేజ్ సున్నతేనని వాదించేవారు హజ్రత్ ఫాతిమా (రజి) వివాహాన్ని చూపుతారు. దుప్పటి, నీటి తిత్తి, ఇజ్ఖిర్ గడ్డి నింపిన తోలు దిండు – ఇవే కదా వారు చెప్పే సామాను! ఆ వివాహంలో మహర్ కోసం హజ్రత్ అలీ (రజి) తన కవచాన్ని ఇచ్చారు. ఇంటి సామాను ఆ సొమ్ముతోనే కొన్నారని సీరత్ గ్రంథాలు చెబుతాయి. పైగా అలీ (రజి) చిన్ననాటి నుండి దైవప్రవక్త (స) నీడలోనే పెరిగారు. ఆ ఇద్దరికీ పెద్దదిక్కు ఆయనే. తల్లి తన బిడ్డకు ప్రేమతో ఇచ్చుకోవడాన్ని ఎవరూ కాదనరు. హజ్రత్ ఖదీజా (రజి) తన కుమార్తె జైనబ్ (రజి)కు పెళ్ళిలో హారం ఇచ్చారు. అడిగి తీసుకునే జోడే కీ రఖం సంగతి వేరు. దానికి షరీఅత్‌లో చోటు లేదు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం కూడా అది నేరమే. మహర్‌ను మాత్రం ఆ చట్టమే కట్నం లెక్కలో చేర్చలేదు.

ప్రభుత్వ సహాయం గురించి ఒక్క మాట. తెలంగాణలో 2014లో షాదీ ముబారక్ పథకం 51,000 రూపాయలతో మొదలైంది, 2018లో ఆ మొత్తం 1,00,116కు పెరిగింది. అర్హులు తప్పక దరఖాస్తు చేసుకోండి. కానీ ఆ సొమ్ము పెళ్ళి నాటికే చేతికి వస్తుందని నమ్మి ముందుగా అప్పు చేయవద్దు.

దర్జీ చాచా కొత్త కాగితం రాశారు. అమ్మాయి బట్టలు, చిన్న నగ 45,000. ఇష్టపూర్వకంగా ఇచ్చే వంట పాత్రలు, పరుపులు 25,000. దూరం నుండి వచ్చే వారితో కలిపి అరవై మందికి ఇంటి వంట 15,000. ఖర్జూరాలు, షర్బత్ 4,000. ఖాజీ ఫీజు, మస్జిదు ఏర్పాట్లు 5,000. మొత్తం 94,000. చిన్నపిల్లల కోసం 26,000 మిగిలింది.

అసలు భయం అప్పుడు బయటపడింది. “అబ్బాయి వాళ్ళు సంబంధం వద్దంటే?” మేమూ ఆయనతో కలిసి వెళ్ళాము. అబ్బాయి తండ్రి లారీ డ్రైవరు. కాగితం చదివి కాసేపు మాట్లాడలేదు. తరువాత, “బైకు మేము అడగలేదు మౌలానా. వాళ్ళే ఇస్తారని మధ్యవర్తి చెప్పాడు. అందుకు తగ్గట్టు సాంచక్ చేయాలని నేను నలభై వేలు దాచాను” అన్నారు. ఇద్దరు తండ్రులు ఒకరి పరువు కోసం ఒకరు ఇన్నాళ్ళు మునుగుతూ వచ్చారు! ఆ నలభై వేలే మహర్ చేద్దామని అబ్బాయి అన్నాడు.

నికాహ్ రోజున సియాహా రాసేటప్పుడు ఒక చిన్న చిక్కు వచ్చింది. వెంటనే చెల్లించే మహర్‌ను ‘ముఅజ్జల్’ అంటారు, తరువాత చెల్లించేదానినీ ‘ముఅజ్జల్’ అనే అంటారు. అరబీలో మొదటిది ‘ఐన్’ అక్షరంతో, రెండవది ‘హంజా’తో ఉంటుంది. మన నోటిలో, తెలుగు రాతలో రెండూ ఒకటే. అమ్మాయి తమ్ముడు పదవ తరగతి చదువుతున్నాడు, “ఇది ఏ ముఅజ్జల్?” అని అడిగాడు. నలభై వేలు అమ్మాయికి పంపించి, ఆమె లెక్కపెట్టుకున్నదని సాక్షులు చెప్పిన తరువాత, ఆ మాట పక్కన తెలుగులో ‘నగదు, పూర్తిగా ముట్టినది’ అని రాయించాము.